సంతకం పడేదాకా

శనివారం పొద్దున్న ఆష్‌బర్న్ లైబ్రరీలో వెనక్కొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దుతుంటాను. మొన్నొక తెలుగాయన పలకరించి, "మీకెందుకండీ ఈ గంటలు? పిల్లలకైతే కాలేజీ అప్లికేషన్లో పనికొస్తాయి గానీ!" అన్నారు.

ఒళ్ళు మండింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఏ కాలేజీ సీటు కోసం ఊరూరా తిరిగారు? 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవమీద పుస్తకాలు తిప్పినవాళ్ళకి గంటల కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు? వాలంటీరు పనిని అమెరికాలోనే మొదటిసారి చూసినట్టు మాట్లాడతామేం మనం?

ఎందుకొచ్చినా పని జరుగుతుంది కదా అంటారు. జరుగుతుంది, సంతకం పడేదాకా. మా అబ్బాయీ అంతే. గంటలు నిండాక మానేశాడు. అడిగితే, "అయిపోయాయి కదా నాన్నా" అన్నాడు. వాణ్ణి ఏమనను? మొదటిరోజు కారు దింపుతూ, ఎన్ని శనివారాలకి ఎన్ని గంటలో లెక్క చెప్పింది నేనే.

ఆ పెద్దమనిషికి నా పక్కనున్న బండి చూపించి, "రండి, సగం మీరు సర్దుదురుగాని" అన్నాను. ఫోను చూసుకుంటూ పార్కింగ్ లాట్ వైపు నడిచారు.