పెళ్ళి కాసెట్టు ఎక్కడ దాచాలి?

సెలవులకి ఊరెళ్ళొచ్చే మనవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది: వీడియో టేపు మీద ఉంటే మంచిదా, హార్డ్ డిస్కులోనా, మెమరీ కార్డులోనా? తియ్యడం వేరు, దాచడం వేరు అంటాను నేను. ఈ రెండూ కలిపేస్తేనే తంటా.

తియ్యడానికి కార్డే నయం. అందులో తిరిగే భాగం ఏదీ లేదు. 2004 తర్వాత కొన్నేళ్ళు హార్డ్ డిస్కు కెమెరాలు వచ్చాయి. గిర్రున తిరిగే పళ్ళేలు, వాటి మీద వెంట్రుకవాసి ఎడం కూడా లేకుండా కదిలే హెడ్డు. పెళ్ళిపందిట్లో చెయ్యి జారిందా, అంతే సంగతులు!

ఇక దాచడం. మాది యానాం. పక్కనే గౌతమీ గోదావరి, కాస్త దూరంలో సముద్రం. ఊరగాయ జాడీకే బూజు పట్టే గాలి టేపుని వదుల్తుందా? కాసెట్టు కిటికీలోంచి చూడండి, చుట్టల అంచున తెల్లని మచ్చలుంటే అది బూజే. దాన్ని వి.సి.ఆర్.లో పెట్టకండి. బూజు హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టే మంచి కాసెట్టుకీ పాకుతుంది. 1996 నవంబరు 6 తుపానుకి మా వీధిలో ఆల్బములూ కాసెట్లూ తడిసిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నవి ఏడు మిగిలాయి. అందులో 1989లో మా అక్క పెళ్ళిది ఒకటి. మా నాయనమ్మ మంగళహారతి పాడిన గొంతు ఆ ఒక్కదాంట్లోనే ఉంది.

మా ఊరికి ఇంకో చిక్కుంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలన కదా, కొన్ని కుటుంబాలు ఫ్రాన్సులో స్థిరపడ్డాయి. అక్కడి కాసెట్లు సెకామ్ పద్ధతివి, మనవి పాల్. అక్కడి పట్టుచీరలు మన వి.సి.ఆర్.లో నలుపు తెలుపుల్లో కనిపించేవి! అమెరికా ఎన్.టి.ఎస్.సి. కాసెట్టయితే బొమ్మే నిలిచేది కాదు. మార్పించేటప్పుడు ఏ దేశపు కాసెట్టో ముందే చెప్పండి.

టేపు బాగున్నా దాన్ని ఆడించే యంత్రం దొరకాలి. వి.సి.ఆర్.లు తయారుచేస్తున్న జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. అందుకే తొందరపడమంటున్నాను. మూడు గంటల కాసెట్టు కంప్యూటరులోకి ఎక్కాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే, దగ్గరదారి లేదు. మినీ డీవీ గంట టేపు యథాతథంగా ఎక్కిస్తే సుమారు 13 గిగాబైట్లు.

ఎక్కించాక రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి మీ దగ్గర, రెండోది వేరే ఊళ్ళో తోబుట్టువుల దగ్గర. ఒకే బీరువాలో రెండూ పెడితే ఒక్కటి ఉన్నట్టే లెక్క. ఏడాదికోసారైనా కలిపి చూసుకోండి. డిస్కుకి వయసు మీరితే కొత్తదాన్లోకి మార్చండి. పెన్ డ్రైవూ కార్డూ దాచడానికి పనికిరావు. వాటిలో బొమ్మ నిలిచేది విద్యుదావేశం మీద. ఏళ్ళ తరబడి సొరుగులో పడేస్తే అది మెల్లగా కారిపోతుంది.

పాత టేపులు మాత్రం పారెయ్యకండి.

మా ఏడింట్లో అయిదు ఎక్కాయి, నాయనమ్మ పాట కూడా. మిగతా రెంటికీ బూజు తుడిపించడానికి కాకినాడలో ఒకాయనకి ఇచ్చాం.