రివ్యూలు రాసే తమ్ముడికి ముళ్లపూడి కథ

బుడుగు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ బుడుగును రాసినప్పుడు ముళ్లపూడి వెంకటరమణ ఏం ఉద్యోగం చేసేవారో మాత్రం మన ఏజ్ వాళ్లలో చాలామందికి తెలియదు. 1954లో మద్రాసులో ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరారు. ఆ రోజుల్లోనే సినిమా సమీక్షలు రాశారు, సినిమావాళ్ల గురించి రాశారు, సినిమావాళ్లను ఆటపట్టిస్తూ కూడా రాశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫిల్మ్ జర్నలిస్ట్.

ఈయన సంగతి ఇప్పుడెందుకంటే, ఆర్మూర్‌లో మా గల్లీలో ఒక తమ్ముడున్నాడు. బీటెక్‌లో నాకు నాలుగేళ్లు జూనియర్. శుక్రవారం మొదటి ఆటకు పోయి, ఇంటర్వెల్‌కే ఫోన్‌లో సగం రివ్యూ టైప్ చేసేస్తాడు. రెండు మూడు వెబ్‌సైట్లకు ఫ్రీలాన్స్, రివ్యూకు ఇంత అని లెక్క. అందులో ఒక సైట్ నాలుగు నెలలుగా పైసలు ఇవ్వలేదు. వాళ్ల నాన్నది పసుపు చేను. విత్తనం పెట్టిన దగ్గర్నుంచి దాదాపు తొమ్మిది నెలలు. ఆ తర్వాత తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, పాలిష్, ఆఖరికి నిజామాబాద్ యార్డు. డబ్బు కోసం ఎదురుచూడటం ఆ ఇంటికి కొత్త కాదు. తండ్రీకొడుకులవి రెండూ ఒకేసారి ఆగినప్పుడే కష్టం.

పోయిన నెల వాడు అడిగాడు. "అన్నా, ఈ రివ్యూలు బంద్ జేసి నవల రాద్దామనుకుంటున్న. ఇవి రాసి రాసి చెయ్యి ఖరాబైతుందేమో అనిపిస్తుంది."

"నవల దేని మీదరా?"

"అదే ఇంకా అనుకోలే."

నాకు వెంటనే ముళ్లపూడి గుర్తొచ్చారు. సినిమా రాతలు ఇటువైపు, కథలు అటువైపు అని ఆయన మధ్యలో గోడ కట్టుకోలేదు. 'విక్రమార్కుని మార్కు సింహాసనం' తీసుకోండి. సినిమా లోకం మీద సెటైర్ అది. రూపం మాత్రం మనం చిన్నప్పుడు విన్న భట్టి విక్రమార్కుల కథలది. 'గిరీశం లెక్చర్లు' ఇంకా తమాషా. గురజాడ 'కన్యాశుల్కం'లోని గిరీశాన్ని పట్టుకొచ్చి సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు! విమర్శను ఒక పాత్ర నోటితో చెప్పించారంటే అప్పటికే అది సగం కథ. మనం ఐదుకు రెండున్నర అని స్టార్లు ఇచ్చుకునే చోట ఆయన ఒక మనిషిని కూర్చోబెట్టారు. బుడుగు కూడా అంతే కదా, వాడి గురించి ఎవరో చెప్పరు, వాడే మాట్లాడతాడు. రెండూ ఒకే చేతి పని అని నా థియరీ. సాహిత్యం చదువుకున్నవాళ్లు తిడితే తిట్టొచ్చు, నాది ఇంజినీరింగ్.

ఇక డబ్బుల సంగతి. చిన్నప్పుడే నాన్న పోవడం, మద్రాసులో పేదరికం, ఇవన్నీ ఆయనే 'కోతి కొమ్మచ్చి'లో రాసుకున్నారు. అయినా అది ఏడుపు పుస్తకం కాదు. ఆయన 'ఋణానందలహరి'లో అప్పారావు అని ఒకడున్నాడు. అప్పు అడగడాన్ని వాడు ఒక కళ లెవెల్‌కు తీసుకుపోతాడు. అది గుర్తొచ్చి మా తమ్ముడి ఫోన్ తీసుకుని, పైసలు ఇవ్వని సైట్ ఎడిటర్‌తో వాడి చాట్ పైకి స్క్రోల్ చేశా. మొదట్లో "గౌరవనీయులైన సంపాదకులకు". తర్వాత "సర్ నమస్తే". తర్వాత "సర్". ఈ వారం ఒక్క ప్రశ్నార్థకం. నవల దేని మీద రాయాలో తెలియదంటున్న మనిషి దగ్గర ఇంత సరుకుంది.

ముళ్లపూడి తర్వాత సినిమాల్లోకే వెళ్లారు. 1962లో 'రక్తసంబంధం'కు మాటలు రాశారు. తమిళ 'పాశమలర్'కు అది రీమేక్. నవ్వించే రచయితకు దొరికింది అన్నాచెల్లెళ్ల ఏడుపు సినిమా, అది కూడా ఆడేసింది. 1964లో 'మూగమనసులు'. 1967లో బాపు డైరెక్టర్‌గా తొలి సినిమా 'సాక్షి', దాని కథ ముళ్లపూడిదే. ఇన్నాళ్లూ సమీక్షలు రాసిన మనిషి సినిమాలకే వేరేవాళ్లు సమీక్షలు రాసుకున్నారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ముళ్లపూడి పేరు నిలబడింది లావుపాటి నవలలతో కాదు. నవలే కావాలంటే కొడవటిగంటి కుటుంబరావును చూడాలి. 'చదువు' లాంటి నవల రాసిన ఆయనవి సినిమా వ్యాసాలే ఒక సంపుటం అంత ఉన్నాయి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో ఉద్యోగం. నెల నెలా జీతం! నాలాంటి జీతగాళ్లకు ఈయన్ని చూస్తే కొంచెం ధైర్యం వస్తుంది.

మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఒక కంటెంట్ రైటర్ ఉద్యోగం వచ్చేలా ఉంది. పోవాలా, ఇక్కడే ఉండి నవల రాయాలా అన్నది వాడి గొడవ. పొమ్మన్నా. పైసలు ఇవ్వని సైట్‌కు రాయడం ఇవాళే ఆపెయ్యమన్నా. శుక్రవారం రివ్యూ మాత్రం మానొద్దన్నా. కథ ఇదీ, ప్లస్సులు ఇవీ, మైనస్సులు ఇవీ అనే రివ్యూ ఇప్పుడు ఏఐ కూడా నిమిషంలో రాసిస్తుంది, రోజూ ఆఫీసులో చూస్తూనే ఉన్నా. మీ నాన్న సినిమా చూస్తే ఏమంటాడో దానికి తెలియదు, అది రాయమన్నా.

వాడు నవ్వాడు కానీ, ఆదివారం నిజంగానే వాళ్ల నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఓటీటీలో ఒక రైతు సినిమా చూశాడు. హీరో ఇస్త్రీ చొక్కాతో చేనులో నిలబడి మూడు నిమిషాలు డైలాగ్ చెప్తుంటే పెద్దాయన అన్నాడట, "ఇంతసేపు మాట్లాడితే నీళ్లు పక్కోని మడిల వడ్తయి బిడ్డా, మోటర్ జూస్కో."

నాలుగు పేజీలైంది. ఇంకా ఎవరికీ పంపలేదు. వాళ్ల నాన్న మాత్రం చదివించుకుని విని, "నేను గిట్ల అన్లే" అని రెండు చోట్ల దిద్దించాడు.