కావలివాడు ఉత్తరము చదువవచ్చునా?

ఒకరి యుత్తరమును మరియొకరు విప్పి చదువుట తప్పని నిరూపించుటకు ధర్మశాస్త్రములను తిరుగవేయ నక్కరలేదు. చదువురాని పల్లెటూరి యిల్లాలు దూరదేశముననున్న కుమారుని యుత్తరమును తపాలా బంట్రోతుచేత చదివించుకొనిన దినములలో, ఆ సంగతులు వేరొక గడప దాటవను నమ్మకముతోనే చదివించుకొనెడిది. ఆ నమ్మకమే తపాలాకు మూలధనము. నేడు కాగితము తొలగి ఈమెయిలు వచ్చినది. కచేరి, కళాశాల, ఆసుపత్రి, బ్యాంకు, కర్మాగారము, అన్నిట వ్యవహారము సర్వరుల మీదనే నడచుచున్నది. ఉత్తరము క్రొత్త యింటికి వచ్చినది గాని, పాత నమ్మకము దానివెంట రాలేదు. ఉద్యోగుల మెయిలు పెట్టెలను దూరమునుండి కనిపెట్టుటకు ఏర్పాటు చేయుమని యజమాని చెప్పుట, సర్వరు నిర్వాహకుడు మారుమాటాడక చేయుట పలుచోట్ల ఆచారమైపోవుచున్నది. ఈ యేర్పాటులో కావలి యెంత, దొంగతనమెంత అను విచక్షణ చేయవలసిన కాలము వచ్చినది.

కాగితపు టుత్తరమును చాటుగా చదువుట శ్రమతో గూడిన పని. ఆవిరి పట్టి జిగురు కరగించవలయును, మరల అంటించవలయును, అనుమానము రాకుండ వేళకు చేర్చవలయును. ఈమెయిలు విషయమున ఈ శ్రమ యేమియు లేదు. సర్వరులో ఒక్క నియమము వ్రాసిన చాలును. ఒకరికి వచ్చు, వారు పంపు ప్రతి యుత్తరమునకును నకలు పుట్టి వేరొకరి పెట్టెలో పడుచుండును. లేదా ఒకరి పెట్టెపై మరియొకరికి సర్వాధికారము నీయవచ్చును; అతడు తన కుర్చీ కదలక, నూరు మైళ్ల దూరమునుండి, దానిని తెరచి చూచుచుండును. పెట్టె గలవారికి జాడయైన తెలియదు. ఒక సర్వరునుండి మరియొక సర్వరునకు పోవునపుడు ఉత్తరము సంకేతలిపిలో బంధింపబడి పోవుచున్నదని కొందరు ధైర్యము చెప్పుదురు. నిజమే. కాని యది రెండు తపాలా కచేరుల నడుమ సంచికి ముద్రవేసి పంపుట వంటిది. కచేరి లోపల సంచి విప్పబడక తప్పదు. వ్రాసినవారు, అందుకొనువారు తప్ప అన్యులు చదువజాలని సంకేతపద్ధతి యున్నది గాని, ఉద్యోగపు కచేరులలో దానిని వాడువారు అరుదు. కనుక నిర్వాహకుని కంటికి ప్రతి యుత్తరమును కార్డుముక్కయే.

అట్లని కావలియే వలదనుట అవివేకము. పాస్‌వర్డు దొంగిలించినవాడు పెట్టెలో చొచ్చి, వచ్చు ఉత్తరములన్నియు తనకు చేరునట్లు రహస్యముగ మరలింపు నియమము పెట్టుకొనును. బిల్లులు, బాకీలు, తేదీలు ఓపికతో చదువును. సొమ్ము చెల్లింపవలసిన దినమున బ్యాంకు ఖాతా సంఖ్య మార్చి దొంగ యుత్తరము పంపును. ఇట్లు మోసపోయిన వ్యాపారులు ప్రపంచమంతట నున్నారు. ఈ దొంగను పట్టుటకు చూడవలసిన దేమి? ఏ దేశమునుండి పెట్టె తెరువబడినది, పాస్‌వర్డు ఎన్నిమారులు తప్పినది, వెలుపలికి మరలింపు ఎప్పుడు పెట్టబడినది, పదులలో పోవు నుత్తరములు ఒక్క రాత్రిలో వేలకు పెరిగెనా, సర్వరులో చోటు నిండిపోవుచున్నదా, ఇవియే. వీనిలో ఒక్కదానికైనను ఉత్తరములోని మాట చదువవలసిన పనిలేదు. వైరసు నేరుటకు యంత్రము ఉత్తరమును శోధించుటయు వేరు, మనుష్యుడు చదువుటయు వేరు. యంత్రము ఇంటి గుట్టును పదిమందిలో చెప్పుకొని నవ్వదు.

ఈ భేదమును ఇటలీ దేశభక్తుడు మాజినీ 1844లోనే లోకమునకు తెలిపినాడు. లండనులో ప్రవాసమున్న ఆయన తన యుత్తరములను ప్రభుత్వము విప్పుచున్నదని శంకించి, కవరులో గసగసాలు, ఇసుక రేణువులు, తలవెండ్రుకలు పెట్టి పంపుమని మిత్రులను కోరినాడు. ఉత్తరములు చేరినవి, గసగసాలు చేరలేదు. సంగతి పార్లమెంటుకెక్కినది. హోము మంత్రి సర్ జేమ్స్ గ్రాహమ్ దేశమంతటను నిందపాలైనాడు. తపాలాశాఖలోని రహస్య విభాగము ఆ యేడే యెత్తివేయబడినది. సామ్రాజ్యపు కపటమును పట్టించినది పిడికెడు గసగసాలు!

నేటి సర్వరులలో ఆ గసగసాల స్థానమున నుండునది రాకపోకల చిట్టా. ఏ పెట్టెను ఎవరు, ఎప్పుడు, ఎక్కడనుండి తెరచిరో అది చెప్పును. 2023 మే మాసమున చైనాకు చెందినవారని చెప్పబడిన చోరులు మైక్రోసాఫ్టువారి సర్వరులలో చొరబడి అమెరికా విదేశాంగశాఖ నుండియే సుమారు 60,000 ఉత్తరములు తస్కరించిరి. జూన్‌లో వారి జాడ పట్టినది సర్వరుల యజమానులైన మైక్రోసాఫ్టువారు కారు. పెట్టెలను తెరచిన వివరములుండు చిట్టాను చూచుచుండిన విదేశాంగశాఖవారు. ఆ చిట్టా నాడు అధికమూల్యము చెల్లించినవారికే లభ్యము. ఈ యుదంతము పిమ్మటనే తక్కిన ఖాతాదారులకును దానిని విస్తరింతుమని కంపెనీ ప్రకటించినది. సక్రమమైన కావలి గసగసాలను చల్లును. అక్రమమైన కావలి వానిని ఊడ్చివేయును. రెంటికిని గల భేదమిదియే.

"యంత్రము మాది, జీతము మాది, పెట్టె మాది, ఉత్తరమేల మాది కాదు?" అని యజమానులు అడుగుదురు. గోడ తనదైనంత మాత్రమున ఆ గదిలోని సంభాషణ గృహయజమానిది కాదు. అంతేగాక ఉత్తరమునకు రెండు కొసలున్నవి. ఉద్యోగి ఏ కాగితముమీద సంతకము చేసినను, అతనికి వ్రాసిన అక్క గాని, వైద్యుడు గాని, వర్తకుడు గాని సంతకము చేయలేదు. రుమేనియాలో బర్బులెస్కు అను నుద్యోగి పని నిమిత్తము తెరచిన యాహూ ఖాతాను యజమానులు కనిపెట్టి, సోదరుడు, కాబోయే భార్య మొదలగు ఆత్మీయులతో జరిపిన సంభాషణలను సయితము చదివి, 2007లో కొలువునుండి తొలగించిరి. 2017 సెప్టెంబరు 5న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానపు మహాధర్మాసనము 11 మంది అనుకూలముగ, 6గురు ప్రతికూలముగ, అతని హక్కు రక్షింపబడలేదని తీర్పు చెప్పినది. ముందుగ తెలిపిరా? రాకపోకలను మాత్రము చూచిరా, లోపలి మాటలను చదివిరా? తగిన కారణమున్నదా? ఇంతకు తక్కువ చొరవతో పని జరుగదా? ఇట్టి ప్రశ్నలను ఆ తీర్పు నిలిపినది. ఇంతకు మించిన గీటురాయి మనకును అక్కరలేదు.

మన దేశపు స్థితి యేమి? 1996లో సుప్రీముకోర్టు టెలిఫోను సంభాషణలను చాటుగ వినుటకు హోము కార్యదర్శి యుత్తరువు ఉండవలయుననియు, దాని గడువు రెండు మాసములనియు, పొడిగించినను ఆరు మాసములు మించరాదనియు శాసించినది. కంప్యూటరు సమాచారమునకు 2009 నాటి నియమములు ఇట్టి కట్టడినే విధించినవి. ఆ యుత్తరువులను సమీక్షించువారందరును ప్రభుత్వోద్యోగులే, న్యాయాధిపతి యొక్కడును లేడను కొరత యున్నను, వ్రాతమూలమైన యుత్తరువైన నున్నది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ నుద్ఘాటించిరి. కాని ప్రైవేటు యజమాని మాట? 2000 నాటి ఐటీ చట్టపు 43వ సెక్షను కంప్యూటరు యజమాని యనుమతి లేక చొచ్చువానిని దండించును. అనగా యంత్రము గలవానిని కాపాడినదే గాని, ఉత్తరము వ్రాసినవానిని కాపాడలేదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టము 7వ సెక్షనులో ఉద్యోగ ప్రయోజనములకును, యజమానికి నష్టము వాటిల్లకుండుటకును ఉద్యోగి సమ్మతి లేకయే సమాచారమును వాడుకొనవచ్చునన్నది. రాజ్యమునకు సయితము లేని వెసులుబాటు వర్తకునకు కలిగినదనుట అతిశయోక్తి కాదు.

ఇది సుఖాసీనుల సమస్య కాదు. పై యధికారి వేధింపును గూర్చి ఒక ఉద్యోగిని సంఘమునకు ఫిర్యాదు వ్రాసినదనుకొందము. ఆ సంగతులను బయటపెట్టరాదని 2013 చట్టపు 16వ సెక్షను చెప్పుచున్నది. కాని ఆమె పెట్టె నకలు రహస్యముగ ఆ యధికారికే పోవుచుండిన, ఆ సెక్షను ఆమె నేమి కాపాడును? కార్మికసంఘము పెట్టుకొనదలచినవారు, లెక్కలలోని అక్రమమును పై వారికి తెలుపదలచినవారు, అందరును ఈ యపాయము క్రిందివారే. భయపడి వ్రాయు సమాజములో సత్యము వ్రాయబడదు.

కనుక కట్టుబాట్లు కావలయును. ఏర్పాటు చేయుటకు ముందే అందరకును తెలుపవలయును. నిత్యమైన కావలి సంఖ్యలకు, రాకపోకలకు పరిమితము కావలయును. పలువురు చూడవలసిన అమ్మకముల పెట్టె, ఫిర్యాదుల పెట్టె ఉమ్మడివని ప్రకటించి, సొంత పేరిటి పెట్టెలను విడువవలయును. నేరము శంకింపబడి ఉత్తరమునే చూడవలసి వచ్చిన, కారణము, పేరు, గడువు వ్రాసిన యుత్తరువు ఉండవలయును. ఒక్కడు గాక ఇరువురు కూడి తెరువవలయును. తెరచిన ప్రతిమారును చిట్టాలో పడవలయును. ఆ చిట్టా నిర్వాహకుడును చెరుపజాలని వేరొక యంత్రములో నుండి, విచారణ ముగిసిన పిదప పెట్టె గలవారికి చూపబడవలయును.

తుదిమాట మన యువకులకు. హైదరాబాదున కూర్చుండి సముద్రములకావలి సర్వరులను కనిపెట్టుచున్న తెలుగువా రనేకులు. తాళపుచెవులు వారి చేతిలో నున్నవి. "ఫలానావాని పెట్టెకు చాటుగ నకలు పెట్టు" మని నోటిమాటగ ఆజ్ఞ వచ్చినపుడు, "వ్రాసి యిండు" అని అడుగుట నేరము కాదు, అవిధేయతయు కాదు. అక్రమమైన ఆజ్ఞలు కాగితమెక్కుటకు జంకును. ఆ రెండు మాటలు పలుకగల ధైర్యము మనవారికి కలిగిననాడు, చట్టము మేల్కొనుటకు ముందే సగము దోషము తొలగిపోవును.