చెప్పుల బిళ్ళ

గుడికి వెళ్ళినప్పుడు మీరు చెప్పులు స్టాండులో ఇస్తారు గదా? అక్కడి మనిషి వాటిని అరలో పెట్టి, మీ చేతికొక నంబరు బిళ్ళ ఇస్తాడు. మీ ముఖం అతనికి గుర్తుండనక్కరలేదు. బిళ్ళ చూపితే చాలు.

ఇంటర్నెట్టులో పుస్తకాలమ్మే దుకాణం కూడా ఇలాగే నడుస్తుంది. దాన్ని నడిపే కంప్యూటరు పేరు సర్వరు. దీనికి మతిమరుపు జాస్తి. మీరు ఒక పేజీ అడిగితే ఇస్తుంది, వెంటనే మిమ్మల్ని మరిచిపోతుంది. మరి మీరు బుట్టలో వేసుకున్న పుస్తకాల మాటేమిటి? 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులి అనే ఆయన దీనికొక ఉపాయం చేశాడు. సర్వరు ఒక చిన్న చీటీ పంపుతుంది. మీ బ్రౌజరు దాన్ని దాచుకుని, వెళ్ళినప్పుడల్లా చూపుతుంది. ఆ చీటీ పేరు కుకీ. (తినేది కాదులెండి!)

బిళ్ళ సరే, చెప్పులెక్కడ పెట్టాలి?

సర్వరు తన జ్ఞాపకంలోనే పెట్టుకుంటే పని చాలా చురుగ్గా సాగుతుంది. కాని ఒక్కసారి ఆపి మళ్ళీ నడిపిస్తే అంతా పోతుంది. పైగా పెద్ద దుకాణానికి పది సర్వర్లుంటాయి. మీ మొదటి ప్రశ్న ఒకదానికి పోతుంది, రెండోది మరొకదానికి. అది, "ఈ బిళ్ళ నాది కాదే!" అంటుంది. నాన్నగారు రైలు టిక్కెట్టు కోసం వివరాలన్నీ నింపాక, "మళ్ళీ లాగిన్ కండి" అని వస్తే విసుక్కోరూ? అన్నిసార్లూ కాకపోయినా, కొన్నిసార్లు కారణం ఇదే.

డిస్కు మీద ఫైలులో రాస్తే, యంత్రం ఆగినా పోదు. పీహెచ్‌పీ మామూలుగా చేసేది ఇదే. 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు, ఎవరూ ముట్టుకోని ఫైలును అది చెత్తకింద ఊడ్చెయ్యవచ్చు. ఒకటే సర్వరున్న చిన్న బడికి ఈ ఏర్పాటు చాలునని నా ఉద్దేశం.

చెప్పులు కూడా మీ చేతికే ఇచ్చేస్తే? అంటే, వివరాలన్నీ కుకీలోనే రాసి పంపటం. సర్వరుకు బరువుండదు. కాని కుకీలో పట్టేది సుమారు 4 కిలోబైట్లే. పైగా ఎవరైనా దానిలో 500 రూపాయలను 5 అని దిద్దితే? అందుకని సర్వరు రహస్యమైన ముద్ర వేసి పంపుతుంది. దిద్దితే ముద్ర సరిపోదు.

పది సర్వర్లూ కలిసి వాడుకునే గిడ్డంగి ఇంకొక దారి. 2009లో ఇటలీ దేశస్థుడు సాల్వతోరే సన్‌ఫిలిప్పో తయారుచేసిన రెడిస్ ఇలాంటిదే. సరుకును జ్ఞాపకంలో ఉంచుతుంది గనక వేగంగా అందిస్తుంది. కావాలంటే డిస్కు మీద కూడా రాసిపెడుతుంది. ఆ గిడ్డంగే ఆగితే దుకాణమంతా ఆగుతుంది గనక, పక్కన రెండో గిడ్డంగి కూడా ఉంచుతారు.

బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వారివే! అందుకే దాని మీద 1, 2, 3 అని వెయ్యరు. ఎవరూ ఊహించలేని పొడుగాటి సంఖ్య వేస్తారు. మీరు లాగౌట్ నొక్కితే గిడ్డంగిలో ఆ అర ఖాళీ అవుతుంది. ఆ తరవాత దొంగ వచ్చి బిళ్ళ చూపినా, అక్కడ చెప్పులుండవు.