తలుపు వెనుక మేకుకు ఒక సంచి



కవిటి వైపు నుంచి ఒక సహోదరి ఉత్తరం రాశారు. "తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఏం సర్దుకోవాలో తెలియక కాళ్లూ చేతులూ ఆడవు. ఈ పుటలో ఒకసారి వివరంగా రాయండి" అని అడిగారు. ఏం సర్దుకోవాలో చెప్పే ముందు, సర్దుకోనందుకు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఒకరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి. ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. మా ఊరు ఆ దారిలోనే ఉంది. ఇంటి మీద రేకులు లేచిపోతుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని ఎదురింటి డాబాలోకి పరుగెత్తాం. అత్తయ్యగారిని నేనూ మా వారూ చెరో చెయ్యి పట్టుకుని నడిపించాం. పిల్లల్ని తీసుకున్నాం. కోళ్ల గంప కూడా తీసుకున్నాం. మందుల డబ్బా, డాక్టరు చీటీలు మాత్రం గూట్లోనే ఉండిపోయాయి. తెల్లారి చూస్తే గూడూ లేదు, గోడా లేదు.

అత్తయ్యగారికి సుగరు, బీపీ ఉండేవి. కొంగున ముడి వేసుకున్న నాలుగైదు మాత్రలు మాత్రం ఆవిడ దగ్గర మిగిలాయి. అట్టలోంచి విడిగా తీసి పెట్టుకున్నవి. వేళకు మాత్ర వేసుకున్నారు గాని, ఆ గందరగోళంలో వేళకు అన్నం తినలేదు. మూడో రోజు ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. రోడ్డు నిండా చెట్లు. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోస్తే, ఆ తర్వాత ఆటో దొరికింది. ఆసుపత్రిలో వేలు పొడిచి చూసి, చక్కెర బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించారు. తేరుకున్నారు. కాసేపటికి మళ్లీ పడిపోయారు.

"ఏ మాత్ర వేసుకుంటున్నారమ్మా? ఎంత పవరుది?" అని డాక్టరుగారు అడిగారు.

"తెల్లదండి. చిన్నది" అన్నాను.

"తెల్లవి, చిన్నవి నూరు రకాలున్నాయమ్మా. కొన్ని సుగరు మాత్రల ప్రభావం చాలాసేపు ఉంటుంది. పేరు తెలిస్తే ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది" అన్నారు ఆయన.

నా దగ్గర జవాబు లేదు. అయిదేళ్లుగా ఆ మాత్రలు నేనే తెచ్చి ఇస్తున్నాను. పేరు మాత్రం నోటికి రాలేదు.

దేవుని కృపను బట్టి ఆవిడ బతికి బయటపడ్డారు. ఇంటికి వచ్చాక, "కోళ్ల గంప గురుతొచ్చింది గాని నా సీటీ గురుతు రానేదేటే, కోడలా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ మాట మాత్రం నాకు ఈనాటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ నెలలోనే సంచి కుట్టించాను.

*రోజూ మోసే సంచే ఆపదలో ఉంటుంది*

అటక మీద దాచిన సంచి ఆపదలో గుర్తుకు రాదు. బజారుకు, ఆసుపత్రికి, గుడికి రోజూ ఏ సంచి భుజాన వేసుకుంటామో అదే ఆపదలోనూ చేతికి వస్తుంది. అందుకని వేరే సంచి అక్కరలేదు. ఉన్న సంచినే బాగు చేసుకోవాలి. ఇంట్లో ఉన్నంతసేపూ అది ఒకే చోట ఉండాలి. మా ఇంట్లో వీధి తలుపు వెనుక మేకుకు వేలాడుతుంది. చీకట్లో తడిమినా చెయ్యి అక్కడికే వెళ్లాలి.

కొత్తది కొననక్కరలేదు. పిల్లల పాత స్కూలు బ్యాగుగాని, పాత జీన్సు ప్యాంటుగాని ఉంటే మీ ఊరి టైలరు కుట్టి పెడతాడు. కుట్టేటప్పుడు నాలుగు సంగతులు చెప్పండి. పట్టీ రెండంగుళాల వెడల్పు ఉండాలి. సన్నటి పట్టీ భుజాన్ని కోస్తుంది. పట్టీ పొడవు తల మీదుగా అడ్డంగా వేసుకునేలా ఉండాలి. అప్పుడు ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో పెద్దవాళ్లను పట్టుకోవచ్చు. నోటికి జిప్పు, దాని మీద వాన పడకుండా మూత గుడ్డ ఉండాలి. లోపల మూడు అరలు ఉండాలి. అన్నీ ఒకే గుంటలో వేస్తే కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

నింపాక రెండు మూడు కిలోలు మించకూడదు. అంతకన్నా బరువైతే నాలుగు రోజులు మోసి అయిదో రోజు ఇంట్లో వదిలేస్తాం.

*బయటి అర: వెంటనే కావలసినవి*

మొదటిది బ్యాటరీ లైటు. తుఫానుకే కాదు, రోజూ రాత్రి పెరట్లోకి వెళ్లడానికి, పొలం గట్టు మీద నడవడానికి ఇదే కావాలి. మన పల్లెల్లో పాము కాట్లు ఎక్కువగా చీకట్లో కాలు పెట్టినప్పుడే జరుగుతాయి. ఒకవేళ కాటు పడితే కోయవద్దు, బిగించి కట్టవద్దు, నోటితో పీల్చవద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పాము మందు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తిన్నగా తీసుకెళ్లండి.

రెండవది ఈల. గోడ కింద చిక్కుకున్నవాళ్ల గొంతు కాసేపటికి పోతుంది గాని ఈల పోదు. మూడవది ఫోను నంబర్ల కాగితం. నంబర్లన్నీ ఫోనులోనే ఉన్నాయనుకుంటాం, చార్జింగు అయిపోతే మన ఇంటివాళ్ల నంబరు కూడా మనకు గుర్తుండదు. అయిదారు నంబర్లు బాల్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. కింద 108, 112 కూడా రాయండి.

నాలుగవది చిల్లర డబ్బు. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ విశాఖను కొట్టినప్పుడు, ఆ తర్వాత తిత్లీలో, కరెంటు లేక ఏటీఎంలు మూగబోయాయి. ఈ రోజుల్లో టీ తాగినా ఫోనుతోనే చెల్లిస్తున్నాం. సిగ్నలు లేని రోజున పది, ఇరవై, యాభై నోట్లే అన్నం పెడతాయి. అయిదు వందల నోటు అక్కరకు రాదు, చిల్లర ఇచ్చేవాడు ఉండడు.

*లోపలి అర: కాగితాలు*

ఆధార్, రేషను కార్డు, ఆరోగ్య పథకం కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, పొలం పాసుపుస్తకం, వీటన్నిటి జిరాక్సులు జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టండి. నష్టపరిహారం రాసేవారు వచ్చినప్పుడు ముందు అడిగేది ఇవే.

వీటన్నిటికన్నా ముఖ్యం మందుల చీటీ. ఇంట్లో రోజూ మందు వేసుకునే ప్రతివారికీ ఒక కాగితం ఉండాలి. పేరు, వయసు, జబ్బు, మందు పేరు, పవరు, ఏ పూట ఎన్ని, పడని మందు ఏదైనా ఉంటే అది, చూసే డాక్టరు పేరు రాయాలి. మందు పేరు రాయడం రాకపోతే ఖాళీ అట్టను కవరులో పెట్టండి, అదే చెబుతుంది. వారం రోజుల మందులు అట్టలతోనే ఉంచండి. విడదీసి కొంగున ముడి వేయకండి. దానికి మా ఇల్లే సాక్ష్యం.

సుగరు ఉన్నవాళ్ల సంచిలో గ్లూకోజు పొట్లం గాని బెల్లం ముక్క గాని తప్పనిసరి. చెమటలు పట్టి, చేతులు వణికి, తికమక పడుతుంటే, తెలివిలో ఉన్నంతవరకు తీపి పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ ఆగిపోయిందని కంగారు పడనక్కరలేదు. వాడుతున్న సీసా ఎండ తగలని చల్లని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మంచు గడ్డల మధ్య మాత్రం పెట్టకండి, గడ్డ కడితే పాడవుతుంది.

*ఉద్దానం కుటుంబాలకు ప్రత్యేకంగా*

ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు లేని బంధువర్గం అరుదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా రోడ్డు తెగిన రోజున ఎంత దగ్గర ఆసుపత్రైనా దూరమే. డయాలిసిస్ చేయించుకునేవారి సంచిలో నాలుగు కాగితాలు ఉండాలి. డయాలిసిస్ పుస్తకం, చివరి రక్తపరీక్ష రిపోర్టు, కామెర్లు, హెచ్ఐవి పరీక్షల రిపోర్టు, నీరు తీసేశాక ఉండవలసిన బరువు రాసిన చీటీ. మీ కేంద్రానికి దారి లేక ఇంకో కేంద్రానికి వెళితే వాళ్లు ముందు అడిగేవి ఇవే. హెచ్చరిక రాగానే, "నా వంతు ఒక రోజు ముందుకు జరపండి" అని మీ కేంద్రంలో అడగండి.

ఇంకొక సంగతి. తుఫాను తర్వాత కొబ్బరి బొండాలు నేల మీద కుప్పలుగా పడి ఉంటాయి. మంచినీళ్లు దొరకవు. అందరూ బొండాలు కొట్టుకుని తాగుతారు. మూత్రపిండాలు పాడైనవారు మాత్రం తాగకూడదు. అందులోని పొటాషియం వారి గుండెకు ప్రమాదం. అరటిపండు సంగతీ అంతే. ఓఆర్ఎస్ కూడా డాక్టరును అడిగే తాగాలి. ఒళ్లు నొప్పులని షాపులో ఏ నొప్పి మాత్ర పడితే ఆ మాత్ర కొని వేసుకోకండి, అవి మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. వీరి సంచిలో మూత ఉన్న అర లీటరు నీళ్ల సీసా విడిగా ఉంటే, రోజుకు ఎంత తాగారో లెక్క తెలుస్తుంది.

*అడుగు అర: తిండి, గుడ్డ, మందు*

నీళ్ల సీసా, వేయించిన శనగలు, బెల్లం, ఒక పొట్లం అటుకులు. చోడిపిండి వేయించి బెల్లంతో కలిపి ఉంచితే పిల్లలకు రెండు పూటలు గడుస్తుంది. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. పెద్ద పొట్లమైతే లీటరు నీటికి ఒకటి, అట్ట మీద రాసినట్టే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేసి కలపండి. టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

దూది, కట్టు గుడ్డ, పారాసిటమాల్, సబ్బు ముక్క, సేఫ్టీ పిన్నులు, సూదీ దారం, పది అడుగుల నైలాన్ తాడు, మడత పెట్టిన ప్లాస్టిక్ పట్టా. మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో అగ్గిపుల్లలు, పెట్టెకు ఉన్న గీత కాగితం కత్తిరించి పెట్టండి. ఒక తువ్వాలు. అది తల తుడుచుకోవడానికి, చెయ్యి విరిగితే మెడకు కట్టడానికి, బిడ్డకు పరుపుగా కూడా పనికొస్తుంది. ఎదిగిన ఆడపిల్లలున్న ఇంట్లో వారికి కావలసిన గుడ్డలు, ప్యాడ్లు అడగకుండానే ఉంచండి. షెల్టరులో వందమంది మగవాళ్ల మధ్య ఆ పిల్ల నోరు తెరిచి అడగలేదు.

*తుఫానుకే కాదు*

మన జిల్లాల నుంచి హైదరాబాదుకు, చెన్నైకి వలస వెళ్లే పిల్లలు ఎందరో. వారికీ ఇలాంటి సంచి ఒకటి కుట్టించి ఇవ్వండి. 2023 అక్టోబరు 29 ఆదివారం రాత్రి ఏడు గంటల వేళ విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస, రాయగడ రైళ్లు ఢీకొన్నాయి. పదిమందికి పైగా చనిపోయారు. ఆ బళ్లల్లో మనం రోజూ ఎక్కి దిగేవాళ్లమే. అలాంటి చీకటిలో లైటు, ఈల, సంచిలో ఇంటి నంబరు రాసిన కాగితం ఉంటే ఎంత మేలో ఆలోచించండి. నాగావళి, వంశధార పొంగినప్పుడు గట్టు మీదికి వెళ్లేవారికీ ఇదే సంచి.

నేను సంచి సర్దుతుంటే పొరుగింటి వదిన, "ఏటొదినా, దేవుడి మీద నమ్మకం నేదేటి?" అని అడిగింది. "నోవహు ఓడ కట్టింది వాన రాకముందే కదా వదినా" అన్నాను. మరుసటి వారం ఆవిడ కూడా టైలరు దగ్గరికి పాత ప్యాంటు పట్టుకెళ్లింది.

ఫైలిన్ 2013లో, హుద్ హుద్ 2014లో, తిత్లీ 2018లో. మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చింది. కాబట్టి దసరా దాకా ఆగకండి. ప్రతి నెలా ప్రభువు బల్ల ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం సంచి దులపండి. నీళ్లు మార్చండి, లైటు వెలిగించి చూడండి, మందుల తేదీలు చూడండి, శనగలు పిల్లలకు పెట్టి కొత్తవి పోయండి. పావుగంట పని.

అత్తయ్యగారు ఆ తర్వాత మూడేళ్లు మాతో ఉన్నారు. ప్రతి శనివారం సాయంత్రం, "నా సీటీ ఉన్నాదేటే?" అని అడిగేవారు. తీసి చూపించేదాన్ని. ఆవిడ వెళ్లిపోయాక ఆ కవరులో ఇప్పుడు మా వారి బీపీ చీటీ ఉంది. సంచి అదే, మేకూ అదే.

ఈ పుట చదవడం అయ్యాక ఒక్క పని చేయండి. లేచి, మీ ఇంట్లో రోజూ మందు వేసుకునేవారి మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాయండి. సంచి రేపు కుట్టించవచ్చు, చీటీ మాత్రం ఈ రాత్రే రాయండి.

వచ్చే నెల, తుఫాను తర్వాత బావి నీళ్లు శుభ్రం చేసుకోవడం గురించి ముచ్చటించుకుందాం.