ముందు సీటు, వెనక సీటు

ఇద్దరు కలిసి తొక్కే టాండెం సైకిల్ గురించి ఈ సంచికలో ప్రధాన వ్యాసం వేస్తున్నాం. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఈ బండ్ల మీద పందెం జరిగింది. 1972 మ్యూనిక్ తర్వాత ఆ పోటీని తీసేశారు. పారాలింపిక్స్‌లో మాత్రం నిలిచింది. అక్కడ చూపు లేని క్రీడాకారులు వెనక సీట్లో కూర్చుని, ముందున్న చూపున్న సహచరుడితో సమానంగా తొక్కుతారు. ఈ బండి పుట్టినందుకు నా దృష్టిలో ఆ ఒక్క ఉపయోగం చాలు.

కొనేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఎవరి సీటు వారికి ఎత్తు సరిపోతుందో లేదో ఎక్కి చూడండి. రంగుకన్నా ముందు బ్రేకులు చూసుకోండి; ఇద్దరి బరువుతో ఘాట్ దిగుతుంటే, రిమ్మును పట్టే బ్రేకులైతే రిమ్ములు బాగా వేడెక్కుతాయి.

నేర్చుకోవడంలో కష్టమంతా బయలుదేరడంలోనే ఉంది. ముందువారు కాళ్లు నేలకు ఆనించి, బ్రేకులు పట్టి బండిని నిలబెట్టాలి. వెనకవారు ఎక్కి, పెడళ్ల మీద కాళ్లు పెట్టి, ‘సరే’ అన్నాకే కదలాలి. వెనకవారికి ముందున్న రోడ్డు కనబడదు. గుంత వచ్చినా, తొక్కడం ఆపబోతున్నా ముందుగా చెప్పాల్సిందే. ఇద్దరి పెడళ్లనూ ఒకే గొలుసు కలుపుతుంది, ఒకరు ఆపితే రెండోవారి కాళ్లూ ఆగిపోతాయి. మలుపు తిరగడానికి మామూలు సైకిల్ కన్నా ఎక్కువ చోటు కావాలి కనుక, మొదట్లో సందుల్లోకి వెళ్లకుండా ఖాళీ మైదానంలో తొక్కండి.