అగ్గిపెట్టె అభిమానులు

మా ధర్మపురి జిల్లాకి ఉగ్రవాదులు ఎప్పుడూ రాలేదని చెప్పుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు మహేంద్రమంగళంలో చాలామందే ఉన్నారు. బాంబులంటే కోయంబత్తూరు, హైదరాబాదు, ముంబై. మన దగ్గర టమాటా ధర పడిపోవడం తప్ప వేరే ఉపద్రవం ఏముంది అంటారు టీకొట్టు దగ్గర. వాళ్ళకి ఒక తారీఖు గుర్తుచేయాలి. 2000 ఫిబ్రవరి 2.

ఆ రోజు చెన్నైలో ప్రత్యేక కోర్టు, కొడైకెనాల్ ప్లెజెంట్ స్టే హోటల్ కేసులో జయలలితకి ఏడాది జైలుశిక్ష వేసింది. నిబంధనలు కాలరాసి హోటల్‌కి అంతస్తులు కట్టుకోనిచ్చారని అభియోగం. పైకోర్టుకి పోయే దారి ఉంది, ఆమె పోయారు కూడా. కానీ కబురు ధర్మపురి చేరేసరికి ఆమె పార్టీవాళ్ళకి పైకోర్టు గుర్తురాలేదు, పెట్రోలు గుర్తొచ్చింది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పిల్లలు విజ్ఞానయాత్రలో ఉన్నారు. రోడ్డు దిగ్బంధం చేశారు కనక వాళ్ళ బస్సు ఇలక్కియంపట్టి దగ్గర ఆగింది. లోపల నలభై మందికి పైగా ఉన్నారు, అందులో దాదాపు అందరూ ఆడపిల్లలే. అది కిటికీలోంచి కనపడుతూనే ఉంది. ఆ కిటికీల్లోంచే పెట్రోలు చల్లి అంటించారు. తోటి విద్యార్థులు అద్దాలు పగలగొట్టి లాగగలిగినవాళ్ళని లాగారు. ముగ్గురు అమ్మాయిలు బయటికి రాలేదు.

ఆ ముగ్గురికీ ఆ హోటల్ ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు.

ఇది ఉగ్రవాదం కాదట. వీళ్ళు సరిహద్దు దాటి రాలేదు, వీళ్ళ సంచుల్లో ఆర్డీఎక్స్ లేదు, మెడలో పార్టీ కండువా ఉంది. కాబట్టి వీళ్ళు అభిమానులు. సంబంధం లేని మనుషుల్ని చంపి, ఆ భయంతో ప్రభుత్వాన్నీ కోర్టునీ లొంగదీయాలనుకున్నవాడిని ఏ పేరుతో పిలవాలో మనకి బాగానే తెలుసు. ఆ పేరు వాడటానికి ముందు వాడి మతం, వాడి పార్టీ, వాడి కులం ఏమిటని ఆరా తీస్తాం. అంతే తేడా.

తర్వాతి కథ ఇంకా రోత. 2001లో జయలలిత మళ్ళీ గద్దెనెక్కారు. కేసులో సాక్షులు వరసపెట్టి అడ్డం తిరిగారు. ఒక అమ్మాయి తండ్రి హైకోర్టు మెట్లెక్కి పోరాడితేగాని విచారణ సేలం కోర్టుకి మారలేదు, మళ్ళీ మొదటినుంచి సాగలేదు. 2007లో సేలం కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 2010లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. 2016 వచ్చేసరికి అదే సుప్రీంకోర్టు, ముందస్తు పథకం లేదు, గుంపు ఆవేశంలో జరిగిపోయింది అని ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఉరిశిక్షలంటే నాకేమీ మోజు లేదు, దాని గురించి నేను దెబ్బలాడను. కానీ 2018 నవంబరులో ఎడప్పాడి పళనిస్వామి ప్రభుత్వం, ఎంజీఆర్ శతజయంతి కానుకగా, ఆ ముగ్గురినీ వేలూరు జైలునుంచి ఇంటికి పంపేసింది. గవర్నర్ బన్వారీలాల్ పురోహిత్ సంతకం పెట్టారు. పుట్టినరోజు పండగకి హంతకుల్ని పంచిపెట్టడం ఏ సంప్రదాయమో ఎంజీఆర్‌ని దేవుడనేవాళ్ళు చెప్పాలి.

అన్నట్టు, ఏ తీర్పు మీద కోపంతో ఆ పిల్లల్ని కాల్చారో ఆ తీర్పుని మద్రాసు హైకోర్టు 2001 డిసెంబరులోనే కొట్టేసింది. అమ్మ నిర్దోషి. ఇరవై రెండు నెలలు ఆగలేకపోయింది అభిమానం.

ఇది అన్నాడీఎంకే ఒక్కదాని జబ్బని ఉదయసూర్యుడి గుర్తు డీఎంకే వాళ్ళు చంకలు గుద్దుకోనక్కర్లేదు. 2007 మే 9న మదురైలో ఏం జరిగింది? కరుణానిధి వారసుడు ఎవరు కావాలని దినకరన్ పత్రిక ఒక సర్వే అచ్చేసింది. అందులో కరుణానిధి కొడుకు అళగిరికి వచ్చిన శాతం ఆయన మనుషులకి రుచించలేదు. పత్రిక ఆఫీసు మీద పెట్రోలు బాంబులు వేశారు. ముగ్గురు ఉద్యోగులు ఆ పొగలో, ఆ మంటల్లో పోయారు. ఆ పత్రిక యజమానులైన మారన్ సోదరులు కరుణానిధికి దగ్గరి బంధువులే. 2008 చివరికల్లా కుటుంబాలు రాజీపడి, నవ్వుతూ ఫొటో దిగాయి. కింది కోర్టు 2009లో నిందితులందరినీ వదిలేసింది. హైకోర్టు తొమ్మిదిమందికి యావజ్జీవం వేసేటప్పటికి 2019 వచ్చింది. వారసత్వ తగాదాలో చచ్చింది మాత్రం నెల జీతానికి పనిచేసుకునే ముగ్గురు. అక్కడా ముగ్గురే.

మళ్ళీ మా జిల్లాకే వస్తాను. 2012 నవంబరు 7. వన్నియార్ అమ్మాయి దళిత అబ్బాయిని పెళ్ళాడింది. ఆమె తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక ఇంట్లో చావు, నిజమైన దుఃఖం, కాదనను. కానీ ఆ దుఃఖం మోసుకుని గుంపు ఎటు పోయింది? నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి దళిత కాలనీలకి పోయింది. 250కి పైగా ఇళ్ళు తగలబడ్డాయి. ఊరికే అంటించలేదు, ముందు బీరువాలు పగలగొట్టి నగలూ డబ్బూ తీసుకున్నారు, ఆ తర్వాతే నిప్పు. ఏడుస్తూ వచ్చినవాడికి బీరువా తాళం మీద చెయ్యి పడిందంటే ఆ ఏడుపు ఎంతో అర్థం చేసుకోండి. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2013 జులైలో, ఆ కుర్రాడు కూడా రైలుపట్టాల పక్కన శవమై దొరికాడు.

ఆవేశంలో జరిగిపోయిందండీ అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవేశానికి కళ్ళు లేవంటారు గాని, దానికున్నంత చూపు ఎవరికీ లేదు. దారి తప్పి అది ఎప్పుడైనా ఎమ్మెల్యే ఇంటికి పోయిందా? తుపాకులున్న పోలీసు క్యాంపు మీద పడిందా? సరిగ్గా తాటాకు కప్పున్న కాలనీ ఎక్కడుందో, ఆడపిల్లల బస్సు ఎక్కడ ఆగిందో, షట్టరు దించుకోలేని కొట్టు ఎవరిదో దానికి తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని ఊరికే అనలేదు. తిరిగి కొట్టలేదు కనకే దుత్త.

తమిళనాడు ఇంతే, మా ఆంధ్రా తెలంగాణలు అలా కాదు అనే చుట్టాలకి కూడా కొంచెం చెప్పాలి. మేం ఇంట్లో తెలుగు మాట్లాడుకుని బడిలో తమిళం చదువుకున్నవాళ్ళం, రెండువైపుల వార్తలూ మా ఇంట్లోనే పడతాయి. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలి చనిపోయారు. నాలుగు నెలలయ్యాక, 2010 జనవరిలో, ఆ చావు వెనక రిలయన్స్ చెయ్యి ఉందని ఎక్కడో విదేశీ వెబ్‌సైటులో వచ్చిన రాతని ఒక తెలుగు చానల్ ఎత్తి చూపించింది. రుజువు లేదు, విచారణ లేదు. ఆ సాయంత్రమే రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాల మీద రాళ్ళు పడ్డాయి, నిప్పు పడింది. ఆ దుకాణాల్లో కౌంటర్ల దగ్గర కూర్చున్నది అంబానీ కాదు, ఏ కడపవాళ్ళో ఏ గుంటూరువాళ్ళో. అంతకుముందు, 1988 డిసెంబరులో, వంగవీటి రంగాని చంపినప్పుడు విజయవాడ ఎలా తగలబడిందో అప్పటివాళ్ళకి చెప్పక్కర్లేదు. హంతకుల్ని వదిలేసి ఒక కులం దుకాణాల్ని, సినిమాహాళ్ళని వెతుక్కుని మరీ కాల్చారు.

ఇప్పుడు అసలు ఉగ్రవాదుల సంగతికి వద్దాం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. విశాఖపట్నం నుంచి వెళ్ళిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు, కావలి నుంచి బెంగళూరు వెళ్ళి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు అందులో ఉన్నారు. మతం అడిగి మరీ కాల్చారు. దీన్ని చూసి రక్తం మరగనివాడు మనిషి కాదు. మరి ఆ మరిగిన రక్తం ఏం చేసింది? మే నెలలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద పడింది! దేశవిభజనలో సర్వం పోగొట్టుకుని సింధు నుంచి పారిపోయి వచ్చిన ఒక హిందువు 1953లో హైదరాబాదులో పెట్టుకున్న కొట్టు అది. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నాడు పాపం. పాకిస్తాన్ వల్ల ఇల్లు పోయినవాడి కొట్టు మీదే పాకిస్తాన్ కోపం తీర్చుకున్నారు. బేకరీవాళ్ళు తమ దుకాణాల ముందు మువ్వన్నెల జెండాలు కట్టుకుని, మేం భారతీయులమే బాబూ అని చెప్పుకోవాల్సి వచ్చింది. దేశభక్తి పేరుతో ఇంతకంటే అవమానం ఏముంటుంది?

అదే దాడిలో భర్తని పోగొట్టుకున్న ఒక కొత్త పెళ్ళికూతురు ఉంది. నావికాదళ అధికారి భార్య. మృతదేహం పక్కన ఆమె కూర్చున్న ఫొటో దేశమంతా పంచుకుంది, ప్రతి ఫోన్‌లో స్టేటస్ పెట్టుకుంది. కొన్నాళ్ళకి ఆమె నోరు తెరిచి, ముస్లింల మీద, కాశ్మీరీల మీద పగ పెంచుకోకండి, మాకు కావలసింది న్యాయం అంది. అంతే. కన్నీళ్ళు పెట్టుకున్న ఫోన్లలోంచే బూతులు మొదలయ్యాయి. ఆమె నిశ్శబ్దంగా ఏడుస్తున్నంతసేపే మనకి ఆమె కావాలి. మాట్లాడితే వద్దు. భర్త చచ్చినామెకంటే భర్త చచ్చిన ఫొటో చూసినవాడికే ఎక్కువ హక్కట! పక్కవాడి ఇల్లు కాలుతుంటే చుట్ట అంటించుకోడానికి నిప్పడిగినవాడు కాస్త నయం, వాడు ఇంటామెని తిట్టలేదు.

చట్టం మొదటిరోజు ఆవేశం చేతికి చిక్కితే ఏమవుతుందో హైదరాబాదు పాతబస్తీని అడగండి. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. వెంటనే ఎవరినో ఒకరిని పట్టుకోవాలి, టీవీకి చూపించాలి. పాతబస్తీ కుర్రాళ్ళని ఎత్తుకెళ్ళి హింసించారు. వాళ్ళు నిర్దోషులని తేలింది, పరిహారం ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది. తర్వాత వేరేవాళ్ళ మీద కేసు నడిచింది, 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ వదిలేసింది. ఆ మసీదులో బాంబు పెట్టినందుకు ఎవరికీ శిక్ష పడలేదు. తొందరపడి తప్పుడు మనుషుల వెంటపడ్డ ప్రతి రోజూ అసలువాడికి దొరికిన సెలవు రోజే. దీనికి భిన్నంగా, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్ళ కేసు దాదాపు నాలుగేళ్ళు ఓపిగ్గా నడిచింది, 2016లో ఐదుగురికి శిక్ష పడింది, 2025లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ రోజు చర్చా కార్యక్రమాల్లో గొంతు చించుకున్నవాళ్ళెవరూ ఆ తీర్పు రోజుకి మిగల్లేదు. పనిచేసింది కేకలు కాదు, ఛార్జిషీటు.

మా వైపు గోడలు చూశారా? పెద్దవాళ్ళు ఎవరు పోయినా తెల్లారేసరికి ‘కన్నీటి అంజలి’ ఫ్లెక్సీ లేస్తుంది. పైన మూలగా చచ్చినాయన ఫొటో, రెండు వెలిగే దీపాల బొమ్మలు. కింద తెల్లచొక్కాలు, నల్లకళ్ళద్దాలు, చేతులు జోడించిన పన్నెండు మంది యువనాయకులు, పదవుల పేర్లతో సహా. ఒక్కోసారి కింద నిలబడ్డవాడి మొహం పైనపోయినవాడి మొహానికి రెండింతలుంటుంది. ఫ్లెక్సీ వేసేవాడికి డబ్బులిచ్చేది చచ్చినాయన కాదు కదా! టీవీ చర్చకి, వాట్సాప్ స్టేటస్‌కి, కొవ్వొత్తుల ఊరేగింపులో సెల్ఫీకి ఈ ఫ్లెక్సీతో తేడా ఏమీ లేదు. శవాల మీద పేలాలు ఏరుకోవడమే. జయలలిత పోయినప్పుడు, దుఃఖం తట్టుకోలేక ఇంతమంది ప్రాణాలు వదిలారని పార్టీయే వందల పేర్లతో జాబితాలు విడుదల చేసి తలా 3 లక్షలు ప్రకటించింది. నాయకురాలి చావుకి విలువ కట్టడానికి ఇంకొన్ని చావులు కావాలి. ఆ జాబితాలో ఇలక్కియంపట్టి పిల్లల పేర్లుండవు. అభిమానం లెక్కలో వాళ్ళు ఖర్చు పద్దు.

నేను దుఃఖపడొద్దనడం లేదు, కోపం వద్దనడం లేదు. ఎవడు చంపాడో వాడి మీదే ఉండే కోపం, కేసు పూర్తయ్యేదాకా ఉండే కోపం ఎక్కడైనా ఉంటే చూపించండి. 2018 నవంబరులో బస్సు తగలబెట్టిన ఆ ముగ్గురు జైలునుంచి బయటికి వచ్చినరోజు ధర్మపురిలో ఒక్క కొట్టు మూతపడలేదు, ఒక్క బస్సు ఆగలేదు. రాళ్ళు వేయమని కాదు నేననేది. కనీసం కలెక్టరాఫీసు ముందు ఒక అట్టముక్క పట్టుకుని నిలబడేవాళ్ళు పదిమంది లేకపోయారేమని. అమ్మకి శిక్ష పడితే రగిలిన ఊరు, అమ్మాయిల హంతకులు విడుదలైతే టీ తాగి పనికి పోయింది.

ఎన్నికలకి రెండాకుల వాళ్ళూ వస్తారు, ఉదయసూర్యుడి వాళ్ళూ వస్తారు. మహేంద్రమంగళంలో, పాలక్కోడులో, ఎక్కడైనా సరే, మీ గుమ్మంలోకి వచ్చి చెయ్యి జోడించినవాడిని ఒక్కటే అడగండి. మీ నాయకుడికి రేపు శిక్ష పడితే, లేదా ఆయన పోతే, మా పిల్లలు ఎక్కిన బస్సు క్షేమంగా ఇల్లు చేరుతుందా? దాన్ని ఆపి అంటించినవాడు మీ పార్టీవాడైతే వాడి విడుదల ఫైలు మీద సంతకం పెట్టబోమని కాగితం మీద రాసిస్తారా? రాసిచ్చేదాకా ఓటు సంగతి అటుంచి, మంచినీళ్ళు కూడా ఇవ్వకండి.